ఇంకా కట్టని బీముకు పగులు వెడల్పు రాశాను, మామయ్యకు ఏమని చెప్పాలి?

కొత్త ఇంజనీరు, హన్మకొండ:

నమస్కారం. సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి రెండేళ్ళయింది. హన్మకొండలో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో పనిచేస్తున్నాను. పరకాల దగ్గర ఊళ్ళో మా మేనమామ పాత పెంకుటిల్లు తీసేసి రెండంతస్తుల ఇల్లు కట్టుకుంటున్నారు. డిజైన్ నన్నే చేయమన్నారు. మొదటి నుంచి చివరి దాకా నేను ఒక్కదాన్నే చేసిన మొదటి ఇల్లు ఇది.

లెక్కల కాగితాలన్నీ ప్రింటు తీసి ఆయనకు ఇచ్చాను. బీరువాలో పెట్టుకుంటారనుకున్నాను. ఆయన పత్తి తూకం చీటీ చదివినంత శ్రద్ధగా ప్రతి పేజీ చదివారు. ఆదివారం పొద్దున్నే ఫోను చేశారు. "అమ్మాయీ, తొమ్మిదో పేజీలో హాలు బీము పగిలినట్టు రాశావు. పగులు వెడల్పు 0.16 మిల్లీమీటర్లు అని కూడా రాశావు. పునాది గుంతలు ఇంకా పూర్తిగా తవ్వనే లేదు. నా ఇల్లు పగులుతుందని నువ్వే రాసిచ్చావా?"

కోడ్ (డిజైన్ నియమాల ప్రామాణిక పుస్తకం) అలా లెక్క వేయమంటుందని చెప్పాను. "కోడ్ సంగతి సరే, నీకు అర్థమైంది చెప్పు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

కూర్చుని నా కాగితాలే మళ్ళీ చూసుకుంటే ఇంకో సందేహం వచ్చింది. బలం లెక్కలో బీము అడుగు భాగం కాంక్రీటును అసలు లేనట్టే వదిలేశాను. పగులు వెడల్పు లెక్కలో అదే కాంక్రీటు కొంత లాగుతుందని తీసుకున్నాను. వంగుడు లెక్కకు వేరే సూత్రం. భూకంపం లెక్కకు సాఫ్ట్‌వేర్‌లో బిగుతును బీములకు 0.35 వంతు, పిల్లర్లకు 0.70 వంతు అని పెట్టాను. ఆఫీసులో అందరూ పెడతారు కాబట్టి నేనూ పెట్టాను. ఒకే బీము నా కాగితాల్లో నాలుగు రకాలుగా ఉంది. వీటిలో నిజమైన బీము ఏది?

వివరాలు ఇవి: హాలు బీము 5 మీటర్లు, రెండు చివర్లా ఊరికే ఆనుతుంది. 230 × 450 మి.మీ., ఎం25 కాంక్రీటు (చదరపు మి.మీ.కు 25 న్యూటన్ల నొక్కుడు ఓర్చేది), అడుగున 16 మి.మీ. సలాకలు మూడు, రింగులు 8 మి.మీ., కవరు (ఇనుము మీది కాంక్రీటు పొర) 25 మి.మీ. వాడుకలో మొత్తం బరువు మీటరుకు 18 కిలోన్యూటన్లు. అనుభవం ఉన్నవారు చెప్పగలరా?


విశ్రాంత ఇంజనీరు, కాజీపేట:

అమ్మా, ముందు మాట దగ్గర మొదలుపెడదాం. మీరు "పగులు" అని రాశారు కాబట్టే ఆయన గుండె జారింది. మన భాషలో దీనికి మూడు మాటలున్నాయి: నెర్రె, పగులు, బీట. మీ మామయ్య నల్లరేగడిలో పత్తి వేసే మనిషైతే వాటి తేడా ఆయన మీకూ నాకూ చెప్పగలడు. వెంట్రుకవాసి నెర్రె వేరు, ఎండాకాలంలో చెయ్యి పట్టే బీట వేరు. మీరు రాసిన 0.16 మి.మీ. నెర్రె. రెండు మూడు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. ఇంజనీరు కష్టమంతా బీట పడవలసిన చోట నెర్రెలు పడేలా చూడడానికే. ముప్పైఒక్క ఏళ్ళు మంచినీటి ట్యాంకులు కట్టించి నేను నేర్చుకున్నది ఇదే.

ఇక అది ఎందుకు తప్పదో చూడండి. రాత్రి కూర్చుని మీ బీముకు చేత్తో లెక్క వేశాను. ఎం25 కాంక్రీటు వంగినప్పుడు అడుగున 3.5 మెగాపాస్కల్ (చదరపు మి.మీ.కు 3.5 న్యూటన్లు) లాగుడుకు తెగుతుంది, 25 వర్గమూలానికి 0.7 రెట్లు అన్న కోడ్ సూత్రమే. దాని సాగుడు గుణకం (ఒత్తిడిని సాగుడుతో భాగిస్తే వచ్చేది) 25,000. అంటే తన పొడవులో 0.00014 వంతు సాగేసరికి కాంక్రీటు పని అయిపోయింది. ఆ క్షణంలో పక్కనే ఉన్న ఇనుము కూడా అంతే సాగి ఉంటుంది. దాని గుణకం 2,00,000. గుణించి చూడండి, 28 మెగాపాస్కల్. 500 మోయగల సలాక అప్పటికి మోస్తున్నది 28! కాంక్రీటు అసలు పగలకూడదని పట్టుబడితే ఇనుము జీవితాంతం ఖాళీగా నిలబడుతుంది. దాని బలం మనకు అందాలంటే అది సాగాలి. అది సాగాలంటే చుట్టూ ఉన్న కాంక్రీటు నెర్రె విడవాలి. ఇనుము నిజంగా పనిలోకి దిగేది అప్పుడే.

మీ బీము లెక్కలో ఇది ఎప్పుడు జరుగుతుందో కూడా కనబడుతుంది. 230 × 450 కొలతకు పగిలే మూమెంట్ (బీమును వంచే ప్రభావం) సుమారు 27 కిలోన్యూటన్ మీటర్లు. వాడుకలో మీ బీము మీద పడేది 56. అంత దూరం కూడా పోనక్కర్లేదు. స్లాబు బరువు, బీము సొంత బరువు కలిపి మీటరుకు 12 కిలోన్యూటన్లు ఉన్నా 37 దాటుతుంది. అంటే సెంట్రింగ్ విప్పిన రోజే, ఇంట్లో ఇంకా ఒక్క కుర్చీ వేయకముందే, బీము అడుగున మొదటి నెర్రెలు వస్తాయి. పైనున్న స్లాబు కూడా బీముతో కలిసి పనిచేస్తుందని లెక్కలోకి తెస్తే 27 కొంత పెరుగుతుంది. అయినా 56 ముందు నిలవదు. మామయ్యగారి ఊళ్ళో ఇప్పటికే ఉన్న ప్రతి స్లాబు ఇంట్లోనూ ఈ నెర్రెలు ఉన్నాయి. ప్లాస్టరింగ్, లప్పం, రంగు వాటిని కప్పాయి, అంతే.

ఆయనకు చెప్పడానికి వరంగల్లులో ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? వేయిస్తంభాల గుడికి తీసుకెళ్ళండి. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఎందుకున్నాయో అడగండి. పైన అడ్డంగా పెట్టింది రాతి దూలం. రాయి నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. కడుపులో ఇనుము లేని దూలానికి అడుగున మొదటి పగులు వస్తే, దాన్ని పట్టి ఆపేది ఏదీ లేదు. అందుకే దాన్ని పొడవుగా పరచడానికి స్థపతులు సాహసించలేదు. మీ మామయ్య హాల్లో మధ్యన స్తంభం లేకుండా 5 మీటర్లు దాటుతున్నామంటే, మొదటి నెర్రె తర్వాత కూడా పట్టుకునే సలాకలు ఉన్నాయన్న ధైర్యంతోనే.

ఇప్పుడు మీ నాలుగు బీముల ప్రశ్న. చాలా మంచి ప్రశ్న. నాలుగూ నిజమైనవే, ఎందుకంటే మీరు నాలుగు వేర్వేరు సంగతులు అడుగుతున్నారు.

బలం అడిగినప్పుడు మీరు సరిగ్గా నెర్రె ఉన్న చోట కోసి చూస్తున్నారు. బీము తెగితే అక్కడే తెగుతుంది. ఆ కోతలో అడుగు కాంక్రీటు రెండు ముక్కలుగా ఉంది కాబట్టి లాగలేదు. దాన్ని వదిలేయడం న్యాయం.

పగులు వెడల్పు అడిగినప్పుడు ఒక నెర్రెకూ ఇంకో నెర్రెకూ మధ్య ఏమవుతోందో చూడాలి. అక్కడి కాంక్రీటు చెక్కుచెదరలేదు, సలాకను గట్టిగా పట్టుకునే ఉంది, లాగుడులో తన వాటా తాను తీసుకుంటోంది. అందుకే సలాక సగటు సాగుడు నెర్రె దగ్గర ఉన్నంత ఉండదు. మీ బీములో నెర్రె దగ్గర ఇనుము ఒత్తిడి 251 మెగాపాస్కల్. దాని ప్రకారం బీము అడుగు అంచు సాగుడు 0.00143. మధ్య కాంక్రీటు సాయం తీసేస్తే 0.00118. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456లోని అనుబంధం ఎఫ్ సూత్రంలో వేస్తే మూల దగ్గర 0.16 మి.మీ. వచ్చింది. మీ లెక్క సరిగ్గా ఉంది. మామూలు చోట్ల కోడ్ హద్దు 0.3. తేమ తగిలే చోట, మట్టిలో ఉండే చోట 0.2. మరీ కఠినమైన వాతావరణంలో 0.1.

వంగుడు అడిగినప్పుడు ఒక కోత కాదు, 5 మీటర్ల బీము మొత్తం ప్రశ్నలోకి వస్తుంది. మధ్యలో నెర్రెలున్నాయి, చివర్ల దగ్గర మూమెంట్ తక్కువ కాబట్టి అక్కడ లేవు. మొత్తానికి కలిపి ఒక మధ్యస్థమైన ఇనర్షియా (వంగకుండా నిలిచే గుణానికి కొలత) కావాలి. అనుబంధం సి ఇచ్చేది అదే. పగలని మీ బీము ఇనర్షియా 175 కోట్ల మి.మీ. నాలుగో ఘాతం. పూర్తిగా పగిలిన కోతది 53 కోట్లు. సూత్రం ప్రకారం మధ్యస్థం 60.5 కోట్లు. మొదటిదానితో భాగించి చూడండి. 0.35 వచ్చిందా? సాఫ్ట్‌వేర్‌లో మీరు గుడ్డిగా పెట్టానన్న అంకె అదే. ప్రతి బీముకూ ఇలా అచ్చంగా రాదు. ఇనుము పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. కానీ ఆ 0.35 ఎవరో గాలిలో రాసిన అంకె కాదని మీ సొంత బీమే చూపిస్తోంది.

భూకంపం లెక్కలో వందల బీములు, పిల్లర్లు ఉంటాయి. ఏది ఎంత పగిలిందో ఒక్కొక్కటి లెక్కించలేం. అందుకే భూకంప కోడ్ ఐఎస్ 1893 యొక్క 2016 సవరణలో పగలని ఇనర్షియాలో బీములకు 35 శాతం, పిల్లర్లకు 70 శాతం తీసుకోమన్నారు. పిల్లరు మీద పైనుంచి బరువు నొక్కుతూ ఉంటుంది, ఆ నొక్కుడు నెర్రెలను మూసి ఉంచుతుంది. రెట్టింపు ఇవ్వడం అందుకే. ఈ తగ్గింపు లేకుండా లెక్కిస్తే భవనం కాగితం మీద నిజానికంటే బిగుతుగా కనిపిస్తుంది, పక్కకు ఊగేది తక్కువగా తేలుతుంది. మూడు మీటర్ల అంతస్తుకు 12 మి.మీ. మించి జరగకూడదన్న నియమం ఉత్తుత్తిగా పాసైపోతుంది.

వంగుడులో కూడా అంతే. పగలలేదనుకుని లెక్కిస్తే మీ బీము 3.4 మి.మీ. వంగుతుంది. పగిలిందని ఒప్పుకుంటే 9.7. దాదాపు మూడు రెట్లు. ఆ పైన క్రీపు (బరువు కింద కాంక్రీటు మెల్లమెల్లగా ఒదిగిపోవడం), కాంక్రీటు కుంచించుకుపోవడం వల్ల ఏళ్ళ తరబడి ఇంకొంత వంగుతుంది. మొత్తం 20 మి.మీ. లోపు, గోడలు కట్టిన తర్వాత వచ్చేది 14 లోపు ఉండాలి. 3.4 అని రాసుకుని ధీమాగా ఉండే ఇంజనీరు వల్ల హాలు మధ్య గోడ చీలుతుంది. మామయ్యకు ఈ ముక్క తప్పకుండా చెప్పండి: పగులుతుందని రాసిన ఇంజనీరు దగ్గరే ఆయన ఇల్లు క్షేమంగా ఉంది.

ఇంకొకటి. 16 మి.మీ. సలాకలు మూడు బదులు 20 మి.మీ.వి రెండు వేద్దామని సైటులో ఎవరైనా అంటారు. ఇనుము 603 నుంచి 628 చదరపు మి.మీ.కు పెరుగుతుంది కూడా, బలం లెక్కలో ఏమీ తేడా రాదు. కానీ సలాకల మధ్య దూరం పెరిగి నెర్రె వెడల్పు 0.16 నుంచి 0.21కు పోతుంది. సన్న సలాకలు దగ్గర దగ్గరగా ఉంటే నెర్రెలు ఎక్కువ సంఖ్యలో, సన్నగా వస్తాయి. లావు సలాకలు దూరంగా ఉంటే తక్కువ నెర్రెలు, వెడల్పుగా. ఒప్పుకోకండి.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా చేతిలో ఉన్నది 1978 నాటి కోడ్. పగులు వెడల్పు లెక్కకట్టే సూత్రం అందులో లేదు. సలాకల మధ్య ఇంత దూరం మించకూడదు అన్న నియమమే మాకు కాపలా. సూత్రం 2000 సవరణలో వచ్చింది. ట్యాంకులకైతే 1965 నాటి ఐఎస్ 3370 ఉండేది. కాంక్రీటులో లాగుడు ఒక హద్దు దాటకుండా, ఇనుము ఒత్తిడి బాగా తగ్గించి, పగులే రాకూడదన్న పట్టుదలతో లెక్క వేసేవాళ్ళం. గోడలు లావుగా వచ్చేవి. లావు గోడ ఆరేటప్పుడు కుంచించుకుని మళ్ళీ నెర్రెలే! 2009 సవరణ ఆ నిజాన్ని ఒప్పుకుంది: నెర్రె వస్తుంది, 0.2 మి.మీ. దాటనివ్వకు అంది.

జనగామ వైపు ఒక ఊళ్ళో 90 వేల లీటర్ల ట్యాంకు మొదటిసారి నింపిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. గోడ బయట నాలుగైదు నిలువు గీతలు చెమ్మగా కనబడ్డాయి. ఊళ్ళో పెద్దలు కిందే నిలబడి ఉన్నారు. సర్పంచి కళ్ళలోకి చూడలేకపోయాను. మా పై ఇంజనీరు ఒక్కటే అన్నారు: నీళ్ళు తీయకండి, నింపే ఉంచండి. మూడు వారాల్లో చెమ్మ ఆరింది. గీతల మీద సున్నం లాంటి తెల్లని పొర కట్టింది. సిమెంటులోంచి కరిగి వచ్చిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి గట్టిపడి దారి మూసేసింది. అన్ని నెర్రెలూ అలా పూడవు. వెడల్పైనది పూడదు, కదులుతూ ఉండేది పూడదు. సన్ననిదైతే తనంతట తానే మూసుకుంటుందని ఆ రోజు కళ్ళారా చూశాను.


సెంట్రింగ్ మేస్త్రీ, నర్సంపేట:

ఇంజనీరు గారు చెప్పిన లెక్కలు నాకు తెలియవు. ఇరవై రెండేళ్ళుగా స్లాబులు పోస్తున్నాను, నా కంటికి కనబడ్డది చెబుతాను.

మీరు 0.16 అని కాగితం మీద రాశారు. అది నిజం కావాలంటే సలాక మీరు గీసిన చోటే ఉండాలి. కవరింగ్ బిళ్ళలు పెట్టకుండా కంకర రాయి ఒకటి కింద దోపి పోస్తే, వైబ్రేటరు పెట్టేసరికి రాయి జారి సలాక పలకకు ఆనుకుంటుంది. స్లాబు పైసలాకలు ఇంకా దారుణం. బీము మీదుగా పోయే పైసలాకలను తట్టలు మోసేవాళ్ళు తొక్కుతారు. నాలుగు అంగుళాల స్లాబులో అంగుళం కిందికి దిగితే ఇక అవి ఎందుకు? ఆరు నెలల తర్వాత బీము వెంబడి స్లాబు పైన పొడుగ్గా పగులు కనబడుతుంది. ఇంటివాళ్ళు సిమెంటు బాగాలేదంటారు. సిమెంటు తప్పు కాదు. సలాక ముక్కలను కుర్చీల్లా వంచి పైసలాకల కింద పెట్టి, నడవడానికి చెక్కలు వేస్తే ఆ పగులు రాదు.

ఇంకొకటి, పరకాలలో ఎండ. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పది దాటాక స్లాబు పోస్తే రెండు మూడు గంటల్లోనే పైన సన్నని గీతలు పాకుతాయి. బరువు ఇంకా పడనే లేదు, సలాకకు పని ఇంకా రాలేదు. ఇది ఎండ, గాలి తేమను లాక్కుపోవడం వల్ల వచ్చేది. గట్టిపడకముందే చూస్తే మళ్ళీ చెక్కతో గట్టిగా రుద్ది మూసేయవచ్చు. గట్టిపడ్డాక ఏమీ చేయలేం. నేను ఎండాకాలం తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగిస్తాను. వెంటనే తడి గోనె పట్టాలు కప్పుతాను. మామయ్యగారికి చెప్పండి, మిల్లరులో (కాంక్రీటు కలిపే యంత్రంలో) ఒక బకెట్టు నీళ్ళు ఎక్కువ పోయమని కూలీలు అడిగితే ఒప్పుకోవద్దని. పోసేటప్పుడు సులువుగా జారుతుంది, ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుంటుంది.


కొత్త ఇంజనీరు, హన్మకొండ:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. సార్, ఒక సందేహం. పగులు సూత్రంలో కవరు పెరిగితే వెడల్పు పెరుగుతోంది. 25 బదులు 40 పెట్టి చూశాను, అంకె పెద్దదైంది. మరి కవరు తగ్గిస్తే మంచిదా?


విశ్రాంత ఇంజనీరు, కాజీపేట:

వద్దమ్మా. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. సూత్రం చెప్పేది బీము పైతోలు మీద కనబడే వెడల్పు. నెర్రె సలాక దగ్గర సన్నగా మొదలై బయటికి వచ్చేకొద్దీ వెడల్పవుతుంది. కవరు లావైతే తోలు మీద ఎక్కువ తెరుచుకున్నట్టు కనబడుతుంది, కానీ సలాక దాకా తేమ, గాలి చేరడానికి దారి కూడా పొడవైంది. అంకె అందంగా ఉండాలని కవరు కోస్తే తుప్పుకు తలుపు తీసినట్టే. కవరును కోడ్ చెప్పిన చోట ఉంచి, వెడల్పు తగ్గించాలంటే సలాకలను సన్నం చేసి దగ్గర చేయండి, లేదా ఇనుము ఒత్తిడి తగ్గించండి.

మేస్త్రీ గారు కుంచించుకోవడం గురించి చెప్పింది లెక్కలో చూడండి, అది నాకు చాలా ఇష్టమైన లెక్క. ఆరేటప్పుడు కాంక్రీటు మొత్తం మీద 0.0003 కుంచించుకుంటుందని కోడ్ అంచనా. 10 మీటర్ల ప్రహరీ గోడకు అది 3 మి.మీ. అడుగున పునాది పట్టుకుని కదలనివ్వదు. లోపల ఇనుము లేకపోతే ఆ 3 మి.మీ. ఒకే చోట తెరుచుకుంటుంది. అది బీట. తగినంత ఇనుము పరిచి ఉంటే అదే 3 మి.మీ. పదిహేను చోట్ల 0.2 చొప్పున పంచుకుంటుంది. క్రీపు కొంత సడలిస్తుంది కాబట్టి నిజంలో ఇంకా తక్కువే. స్లాబులో బరువుకు అక్కర్లేని దిశలో కూడా 0.12 శాతం ఇనుము వేయమనడం ఇందుకే. ఆ సలాకలను దండగ అని తీసేయించిన ఇళ్ళు చాలా చూశాను. వాటి స్లాబులు చూసి బాధపడ్డాను.


ఉపాధ్యాయుడు, ములుగు:

2024 డిసెంబరు 4 ఉదయం మా దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. తరగతి మొదలుకాక ముందే, ఇంట్లో ఉన్నాం. తర్వాత ఇల్లంతా వెతికితే హాల్లో బీముకూ ఇటుక గోడకూ మధ్య అడ్డంగా ఒక గీత, ఒక కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఇంకొకటి కనబడ్డాయి. ముందే ఉన్నాయో, ఆ రోజే వచ్చాయో తెలియదు. ఇవి కూడా మీరు చెబుతున్న 0.3 లెక్కలోకి వస్తాయా? మేడిగడ్డ బ్యారేజీలో పియర్లకు (స్తంభాలకు) వచ్చిన పగుళ్ళు పత్రికల్లో చూసినప్పటి నుంచి నాకు ప్రతి గీతా భయమే.


విశ్రాంత ఇంజనీరు, కాజీపేట:

మాస్టారూ, రావు. 0.3 అన్నది మేం ముందే ఊహించి, ఇనుముతో పట్టి ఉంచిన నెర్రెలకు. 2023 అక్టోబరులో మేడిగడ్డలో 7వ బ్లాకు కుంగింది. కింద ఆధారం కదిలితే పైన వచ్చే పగులుకు ఈ సూత్రంతో సంబంధం లేదు. అక్కడ వెడల్పు కొలవడం కంటే కదలిక ఆగిందా లేదా అన్నది ముఖ్యం.

మీ బీముకూ గోడకూ మధ్య గీత చాలావరకు రెండు వేర్వేరు వస్తువులు కలిసే చోట వచ్చేది. కాంక్రీటు, ఇటుక ఎండకు ఒకేలా సాగవు. అక్కడ ప్లాస్టరింగ్ కింద జాలీ వేయకపోతే గీత పడుతుంది. కిటికీ మూల ఏటవాలు గీతను మాత్రం గమనించండి. దానికి అడ్డంగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బిళ్ళ ఒకటి పల్చగా అతికించి, మీద తేదీ రాయండి. ఒక వాన కాలం, ఒక ఎండ కాలం చూడండి. బిళ్ళ పగిలితే గోడ ఇంకా కదులుతోంది, ఇంజనీరును పిలిపించండి.

బీము మీద గీత ఏ దిక్కున పోతోందో చూడడం ఇంకా ముఖ్యం. మధ్యలో అడుగు నుంచి నిలువుగా పైకి వెళ్ళే సన్నని గీతలు మా లెక్కలోవే. ఆధారం దగ్గర ఏటవాలుగా పోయేది కోత బలానికి సంబంధించినది, దాన్ని చూసి ఊరుకోకూడదు. సలాక వెంబడే పొడుగ్గా పోయే గీత అన్నిటికంటే నన్ను కంగారు పెడుతుంది. లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతోందని అర్థం. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు అడుగుతుంది, కవరును బయటికి నెట్టేస్తుంది. అలాంటి గీత వెంట్రుకంత ఉన్నా వెంటనే చూపించాలి. దాని మీద లప్పం పెట్టి రంగు వేయించడం మాత్రం చేయకండి.


కొత్త ఇంజనీరు, హన్మకొండ:

శనివారం మామయ్యను వేయిస్తంభాల గుడికి తీసుకెళ్ళాను. స్తంభాల మధ్య దూరం అడుగులతో కొలిచారు. తర్వాత మండపం కింద కూర్చుని తొమ్మిదో పేజీ ఇద్దరం మళ్ళీ చదివాం. 28 మెగాపాస్కల్ దగ్గర ఆగి, "అంటే నెర్రె పడేదాకా సలాకకు పనే లేదన్నమాట" అన్నారు. నేను చెప్పకముందే ఆయనే అన్నారు.

ఆ పేజీలో నేను "పగిలిన బీము" కొట్టేసి "నెర్రె విడిచిన తర్వాత బీము" అని రాశాను. అంకెలు ఏవీ మార్చలేదు. సలాకలు 16 మి.మీ.వి మూడే ఉండాలని ఆయన స్వయంగా మేస్త్రీకి చెప్పారు. స్లాబు తెల్లవారుజామున పోయించాలని కూడా ఒప్పించారు.

వెళ్ళేటప్పుడు ఇంకొకటి అడిగారు. ఇంటి వెనక భూమిలో నీళ్ళ సంపు కట్టబోతున్నాం కదా, దానికి నెర్రె వెడల్పు ఎంత రాశావు అని. చూస్తే దాని గోడలకు కూడా నేను 0.3 హద్దే పెట్టుకున్నాను. లోపల నీళ్ళు, బయట తడిసి ఉబ్బే నల్లరేగడి. ఈ వారం 0.2తో మళ్ళీ లెక్క వేస్తున్నాను.


విశ్రాంత ఇంజనీరు, కాజీపేట:

మంచి పని. సంపు ఖాళీగా ఉన్నప్పుడు మట్టి లోపలికి నెట్టే లెక్క, నిండుగా ఉండి బయట మట్టి లేనప్పుడు నీళ్ళు బయటికి నెట్టే లెక్క, రెండూ వేయండి. గోడకు రెండు ముఖాలా సలాకలు పెట్టండి, 10 లేదా 12 మి.మీ.వి, దగ్గరగా. మట్టి పూడ్చకముందే నింపి ఒక వారం చూడండి. చెమ్మ గీతలు కనబడితే నీళ్ళు తీయకండి, ఆ గీతల పక్కన పెన్సిలుతో తేదీ రాసి నాకు ఫొటో పంపండి.